చార్టు మీద ఎర్ర చుక్క, చదవనంటున్న పిల్లవాడు

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె 11 ఏళ్లుగా ఉన్నత తరగతులకు తెలుగు చెబుతున్నారు. రెండేళ్ల కిందట వారి పాఠశాలలో బహుళ ప్రజ్ఞలు, అభ్యసన శైలుల మీద మూడు రోజుల శిక్షణ జరిగింది. ఆ తరువాత ఆమె తరగతిలోని 38 మంది పిల్లల చేత ఒక ప్రశ్నావళి నింపించారు. దాన్ని బట్టి వారిని చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అని విడదీసి, గోడ మీది చార్టులో ప్రతి పేరు పక్కనా వరుసగా నీలం, పసుపు, ఎరుపు చుక్కల్లో ఒకటి అంటించారు. పాఠ్య ప్రణాళికలో ఎనిమిది ప్రజ్ఞలకు ఎనిమిది గడులు వచ్చాయి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్నది ప్రధానోపాధ్యాయుల మాట. ఒక పద్యం చెప్పాలన్నా దానికో బొమ్మ, ఒక పాట, ఒక ఆట, ఒక లెక్క, ఒక బృంద చర్చ, చివరికి చెట్టుకో పిట్టకో ముడిపెట్టే ఒక పని సిద్ధం చేసుకోవలసి వస్తోందని, రాత్రి పదకొండింటి దాకా అట్టలు కత్తిరిస్తూ కూర్చుంటున్నానని ఆమె రాశారు.

పిల్లలు హుషారుగానే ఉన్నారట. కానీ డిక్టేషన్ పెడితే ఒత్తులు, దీర్ఘాలు రెండేళ్ల కిందట ఎలా తప్పాయో ఇప్పుడూ అలాగే తప్పుతున్నాయట. ఎర్ర చుక్క ఉన్న ఒక అబ్బాయి పుస్తకం తెరవమంటే, “నేను చేసి నేర్చుకునే రకం కదా టీచర్, చదివితే నాకు ఎక్కదు” అంటున్నాడు. నాటిక వేయమంటే మాత్రం అందరికంటే ముందుంటాడు. అతని తండ్రి వచ్చి, “మీరే ఇలా తేల్చారు కదా మేడమ్, మరి వాడి చేత చదివించాలని ఎందుకు పట్టుబడుతున్నారు?” అని అడిగారు. మరోవైపు, ఏడాదంతా నోరు విప్పని ఒక అమ్మాయి పద్యానికి బొమ్మ వేయమన్న రోజున మొదటిసారి మాట్లాడింది. ఇదంతా చూస్తున్న ఒక సహోపాధ్యాయుడు, సుద్దముక్కా నల్లబల్లా ఉంటే చాలు, మిగిలినదంతా తమాషా అని ఎగతాళి చేస్తున్నారు. ఇంతకాలం చేసినదంతా వృథాయేనా, లోపం తన అమలులోనే ఉందా, మానేస్తే ఆ అమ్మాయి మళ్లీ మూగబోతుందా, మానకపోతే ఆ అబ్బాయి ఎప్పటికీ చదవడా, యాజమాన్యానికి ఏమని చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నన్ను పట్టి ఆపినది ఆ అబ్బాయి మాట. దాని దగ్గరికి తప్పక వస్తాను గానీ, ముందుగా ఒక చిక్కు విప్పాలి. మీరు రెండు వేరువేరు సంగతులను ఒకే మూటలో మోస్తున్నారు. తప్పు మీది కాదు; శిక్షణల్లో చాలాచోట్ల వాటిని కలిపే చెబుతారు.

బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించారు. తెలివిని ఒకే ఒక అంకెతో కొలవడం చాలదని, మనిషిలో భాష, తర్కం, సంగీతం, స్థల జ్ఞానం, శరీర చలనం, ఇతరులను అర్థం చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం అనే ఏడు ప్రజ్ఞలు ఉన్నాయని ఆయన వాదించారు. ప్రకృతికి సంబంధించిన ఎనిమిదవది ఆ తరువాత చేరింది. ఈ ప్రజ్ఞలు ఆయన చెప్పినంత విడివిడిగా ఉండవని, ఒకదానిలో ముందున్నవారు మిగిలినవాటిలోనూ ఎంతో కొంత ముందుండటం కనిపిస్తుందని అభ్యంతరం చెప్పిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలామంది ఉన్నారు. ఆ వాదన తేలే వరకు మీ తరగతి ఆగనవసరం లేదు. మీకు కావలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ సిద్ధాంతం మనిషి సామర్థ్యాల గురించి చెప్పినదే తప్ప, ఏ పాఠాన్ని ఏ పిల్లవాడికి ఏ దారిలో చెప్పాలో నిర్ణయించే బోధన పద్ధతి కాదు. ప్రతి పాఠంలోనూ ఎనిమిది గడులు నింపాలన్న నియమం దానిలో నుంచి పుట్టదు. తన ప్రజ్ఞలను అభ్యసన శైలులతో కలిపేయవద్దని గార్డ్‌నరే 2013లో స్వయంగా రాశారు. ఉపాధ్యాయులకు ఆయన చెప్పినవి మూడే: ప్రతి పిల్లవాడినీ వీలైనంతగా తెలుసుకోండి, ముఖ్యమైన విషయాన్ని పలు విధాలుగా చెప్పండి, శైలి అనే మాటను వదిలేయండి. అంటే మీ గోడ మీది చుక్కలు ఎవరి పేరు మీద అంటించారో, ఆయనే వాటిని ఒప్పుకోరన్న మాట.

అభ్యసన శైలుల కథ వేరు. కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని, ఎవరి శైలికి తగినట్టు వారికి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారని ఈ భావన చెబుతుంది. ఇలాంటి శైలుల నమూనాలు ఎన్ని ఉన్నాయో 2004లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు లెక్క తీస్తే 71 తేలాయి. ఒకే పిల్లవాడికి 71 రకాల పేర్లు పెట్టవచ్చన్నమాట! భావన వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది గానీ, దాన్ని సరైన పద్ధతిలో పరీక్షించినవారు తక్కువ. పరీక్షించే విధానం మాత్రం కష్టమైనదేమీ కాదు. పిల్లలను శైలుల ప్రకారం విడదీసి, ప్రతి జట్టులోనూ సగం మందికి చూపించి, సగం మందికి వినిపించి ఒకే విషయం బోధించి, చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. చూసేవారికి చూపించినప్పుడు, వినేవారికి వినిపించినప్పుడు ఎక్కువ మార్కులు వస్తేనే ఆ భావన నిలబడుతుంది. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఈ గీటురాయి మీద పెట్టి చూసి, తరగతి గదిలో దీన్ని అమలు చేయడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. మనకు దగ్గరి ఉదాహరణ 2015లో వచ్చింది. ఒకే పుస్తకాన్ని కొందరు పెద్దలకు వినిపించి, కొందరి చేత చదివించి చూశారు. వినడం ఇష్టమన్నవారు విన్నందువల్ల గానీ, చదవడం ఇష్టమన్నవారు చదివినందువల్ల గానీ ఎక్కువ గ్రహించినట్టు కనబడలేదు.

ఇది చదివి మీరు మోసపోయానని బాధపడకండి. 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాల ఉపాధ్యాయులను అడిగినప్పుడు వరుసగా 93 శాతం, 96 శాతం మంది ఈ భావనను నిజమనే నమ్మారు.

ఇక మీ ప్రశ్నావళి సంగతి. “నీకు బొమ్మలు చూడటం ఇష్టమా, పాటలు వినడం ఇష్టమా, ఆటలాడటం ఇష్టమా” అని అడిగితే పిల్లవాడు తన ఇష్టాన్ని చెబుతాడు. ఇష్టం అబద్ధం కాదు, కానీ అది సామర్థ్యమూ కాదు. తమ శైలికి సరిపోయే విషయాన్ని బాగా గుర్తుపెట్టుకుంటామని మనుషులు అనుకుంటారే తప్ప నిజానికి అలా గుర్తుపెట్టుకోలేరని 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో కనబడింది. ఆ అబ్బాయి, “చదివితే నాకు ఎక్కదు” అన్నప్పుడు అతను తన మెదడు గురించి ఏదో కనిపెట్టి చెప్పడం లేదు. మనం అంటించిన చుక్కను చదివి మనకే వినిపిస్తున్నాడు. పైగా, అంతకుముందు చదవడంలో తడబాటు ఉండి ఉంటే, ఆ చుక్క అతనికి గౌరవంగా తప్పుకునే దారి చూపించింది. చదవలేను అని ఒప్పుకోవడం కంటే, నేను ఆ రకం కాదు అని చెప్పుకోవడం పన్నెండేళ్ల పిల్లవాడికి ఎంత తేలికో మీకు నేను చెప్పనవసరం లేదు.

అయితే మీ సహోపాధ్యాయుడు గెలిచినట్టేనా అంటే, లేదు. ఆయనదీ పొరపాటే. పిల్లల్లో రకాలు లేవన్నంత మాత్రాన పాఠాల్లో రకాలు లేకుండా పోవు. భాషా బోధనలో ఒక్కొక్క అంశానికి తనదైన దారి ఉంటుంది. ఆ దారిని పిల్లవాడి చుక్కను చూసి వెతకకూడదు, అంశాన్ని చూసి వెతకాలి. ఈ మాట కొంచెం విడమరచి చెప్పాలి.

అర్థం, అర్ధం అనే రెండు మాటలను తీసుకోండి. ఒకటి భావం, ఇంకొకటి సగం. మామూలు మాటల్లో ఒత్తక్షరాలను ఒత్తి పలికేవారు తక్కువ. రెండూ చెవికి దాదాపు ఒకేలా చేరతాయి. పసుపు చుక్క ఉన్న పిల్లవాడికి వీటిని వంద సార్లు వినిపించినా థ ఏదో ధ ఏదో తెలియదు, ఎందుకంటే ఆ తేడా వాడు వింటున్న మాటలో లేదు. కంటితో చూసి, చేత్తో రాసి, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి వాక్యంలో వాడితేనే అది పట్టుబడుతుంది. 38 మందికీ అంతే. దీనికి సరిగ్గా ఎదురుగా, “వస్తావు”, “వస్తావా” అనే రెంటిలో వాక్యం చివర గొంతు ఎలా మారుతుందో, అదే “వస్తావా” పిలుపుగా ఎలా ఉంటుందో, బెదిరింపుగా ఎలా ఉంటుందో ఏ చార్టూ చూపించలేదు. అది నీలం చుక్కవారు కూడా వినవలసిందే, నోటితో అనవలసిందే.

శరీరంతో నేర్పగలిగినవీ ఉన్నాయి. సంధి చెప్పేటప్పుడు ముగ్గురు పిల్లలను నిలబెట్టి, ఒకరికి “వాడ్”, ఇంకొకరికి “ఉ”, మరొకరికి “ఎక్కడ” అని రాసిన అట్టలు ఇవ్వండి. మొదటి ఇద్దరూ చేతులు పట్టుకుని “వాడు”గా నిలబడతారు. “ఎక్కడ” నడిచి వచ్చి పక్కన నిలబడగానే “ఉ” చేయి వదిలి వెళ్లి కూర్చుంటుంది. “వాడ్”, “ఎక్కడ” చేతులు కలిపితే “వాడెక్కడ” అవుతుంది. ఉత్తునకు అచ్చు పరమైతే ఏం జరుగుతుందో వారి కళ్లముందే జరిగింది. ఇక్కడ కదలిక సూత్రాన్ని మోస్తోంది. అదే ఒక మాటలో ఎన్ని అక్షరాలుంటే అన్ని గెంతులు గెంతమనడంలో కదలిక ఉంది గానీ అందులో భాష లేదు. ఒత్తు ఎక్కడ పడాలో గెంతు చెప్పదు. రెండూ మీ ప్రణాళికలో శారీరక ప్రజ్ఞ అనే ఒకే గడిలో పడతాయి. ఆ గడిని నేను నమ్మలేకపోవడానికి కారణం అదే. అట్టలు పట్టుకున్న ముగ్గురూ చేస్తూ ఉంటే మిగిలిన 35 మంది ఊరకే చూస్తారన్న ఇబ్బంది కూడా ఉంది. “ఉ” కూర్చోకముందే జవాబును ప్రతి ఒక్కరూ తమ నోటుబుక్కులో రాసి ఉంచాలని చెబితే అది చాలావరకు తీరుతుంది.

సంగీతం మాటా అంతే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని చప్పట్లతో పద్యపాదాన్ని లెక్కపెట్టిస్తే, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం ఎందుకు గురువవుతుందో పిల్లలు సూత్రం చదవకముందే చెవితో పసిగడతారు. అక్కడ లయే పాఠం. వ్యాకరణ నిర్వచనాన్ని ఏదో ఒక బాణీలో పాడిస్తే బాణీ గుర్తుంటుంది, మాటలు వరసగా వస్తాయి, కానీ “ఉదాహరణ ఇవ్వు” అంటే మౌనం.

నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఇలాంటి పనే ఒకటి చేశాను. ఒత్తులు తప్పు రాస్తున్నారని ఒక తరగతి చేత రంగు కాగితాలతో క-వత్తు, త-వత్తు, య-వత్తు కత్తిరింపించి అట్టకు అతికించమన్నాను. గది నిండా కాగితం ముక్కలు, సందడి, నవ్వులు. పీరియడ్ అయ్యేసరికి నాకే ముచ్చటేసింది. వారం తరువాత పది మాటలు చెప్పి రాయమంటే పాత తప్పులే వచ్చాయి. ఆ రోజు ఏం చేశామో గుర్తుందా అని అడిగితే, జిగురు సీసా ఎవరి చొక్కా మీద ఒలికిందో అందరూ ముక్తకంఠంతో చెప్పారు. ఆ నలభై నిమిషాల్లో వారి మనసు కత్తెర మీద, అంచుల మీద, జిగురు మీద ఉంది. ఏ మాటకు ఏ ఒత్తు అన్న ఆలోచన ఒక్కసారి కూడా రానక్కరలేకుండా పని పూర్తయింది. అప్పటినుంచి ఏ పని పెట్టినా నన్ను నేను ఒకటే అడుగుతూ వచ్చాను: ఈ పీరియడ్‌లో పిల్లవాడి నోటినుంచి, చేతినుంచి ఎంత తెలుగు వచ్చింది?

మీ రెండేళ్ల అట్టలు, చార్టులు అన్నీ ముందేసుకుని ఈ ప్రశ్న అడగండి. కొన్ని వెంటనే నిలబడతాయి. కొన్ని చిన్న మార్పుతో పనికొస్తాయి. కొన్నింటిని చూస్తే మీకే నవ్వు వస్తుంది. వృథా అయిందా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే: శ్రమలో కొంత పోయింది, అంతా పోలేదు. ఉదాహరణకు మాట పక్కన బొమ్మ పెట్టడం మంచి అలవాటు. అది నీలం చుక్కవారికే కాదు, అందరికీ మేలు చేస్తుంది. మాట, బొమ్మ కలిసి మనసులో రెండు జాడలు వదులుతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అలన్ పైవియో 1971 నాటికే వివరించారు. మాటలను రాసుకున్నవారి కంటే వాటికి బొమ్మ గీసుకున్నవారు ఎక్కువ గుర్తుపెట్టుకున్నట్టు 2016లో వచ్చిన ప్రయోగాలు చూపాయి. గీయడానికి మాట అర్థాన్ని తలచుకోక తప్పదు కదా. మీ అట్టలు కత్తిరించే పని నుంచి ఈ పనిని వేరు చేసేది అదే.

ఆ రోజు హుషారు ఎందుకు మనల్ని మోసం చేస్తుందో కూడా చెప్పాలి. మనస్తత్వ శాస్త్రజ్ఞులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠ్యాన్ని రెండోసారి చదివారు, కొందరు చదవకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి, 81 శాతానికి 75. వారం తరువాత తారుమారైంది. చదివినవారికి 42 శాతమే గుర్తుంది, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56. మీ తరగతిలో ఎనిమిది రకాల కార్యక్రమాలు ఉన్నాయి గానీ, నిన్నటి మాటలను పుస్తకం మూసి రాయించే ఐదు నిమిషాలు ఉన్నాయా? మీ ఉత్తరంలో వాటి ప్రస్తావన కనబడలేదు. మీ పిల్లల ఒత్తులు కుదురుకోకపోవడానికి నాకు తోచిన మొదటి కారణం అదే. ఎనిమిది గడుల పని వాటికి కావలసిన సమయాన్ని తినేసింది.

ఇప్పుడు ఆ అమ్మాయి. బొమ్మ వేసిన రోజున ఆమె మాట్లాడిందంటే ఆమె దృశ్య ప్రజ్ఞ మేల్కొందని శిక్షణలో చెబుతారు. నాకు ఇంకా సాదా కారణం కనబడుతోంది. చేతిలో తాను వేసినది ఒకటి ఉన్నప్పుడు, దాని గురించి చెప్పడం గాలిలోంచి మాట తెచ్చి చెప్పడం కంటే తేలిక. అందరి కళ్లూ తన ముఖం మీద కాక బొమ్మ మీద ఉంటాయి కాబట్టి బెరుకు తగ్గుతుంది. కారణం ఏదైనా ఆ తలుపు మూయవద్దు. కాకపోతే తలుపు దగ్గరే నిలబెట్టవద్దు. ఈసారి బొమ్మ కింద ఒక వాక్యం రాయమనండి, తరువాత మూడు వాక్యాలు, తరువాత బొమ్మ లేకుండా పక్కనున్న స్నేహితురాలికి చెప్పమనండి. రెండేళ్లపాటు బొమ్మలే వేయిస్తూ పోతే ఆమెకు చక్కగా గీయడం వస్తుంది. మనం నేర్పవలసినది అది కాదు.

ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. ముందుగా అతన్ని ఒంటరిగా, ఎవరూ వినని చోట, ఇంతకుముందు చూడని ఒక పేరా చదవమనండి. తప్పు దిద్దకుండా వినండి. గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర ఆగుతున్నాడా, లేక గడగడా చదివి అర్థం చెప్పలేకపోతున్నాడా, లేక రెండూ బాగానే చేసి కేవలం విసుగుతో వద్దంటున్నాడా? ఈ మూడూ మూడు వేరువేరు సమస్యలు, మూడింటినీ ఆ ఎర్ర చుక్క కప్పేసింది. మొదటిదైతే ఏడో తరగతిలో ఉన్నా సిగ్గుపడకుండా అక్షరాల దగ్గరినుంచి రోజూ పది నిమిషాలు కూర్చోవాలి. చూపు, వినికిడి పరీక్ష చేయించమని తండ్రికి చెప్పాలి. కొన్ని నెలలు క్రమంగా చేయించినా అక్షరాలు కూడబలుక్కుంటూనే ఉంటే డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు చదవడంలో విడవకుండా ఉండే ఇబ్బంది) వంటిది ఉందేమో నిపుణుల చేత చూపించాలి. డిస్లెక్సియా అభ్యసన శైలి కాదు, దానికి సహాయ పద్ధతులు ఉన్నాయి, ఆలస్యం చేసేకొద్దీ పిల్లవాడు ఎక్కువ నష్టపోతాడు. శైలి అని పేరు పెట్టి ఊరుకుంటే జరిగే పెద్ద హాని ఇదే.

రెండోదైనా మూడోదైనా అతని నాటిక సరదానే వాడుకోవచ్చు, జాగ్రత్తగా. సాధారణంగా నాటిక రిహార్సల్‌లో ఒకరు చదువుతూ ఉంటే మిగిలినవారు విని కంఠస్థం చేస్తారు, చురుకైన పిల్లవాడు ఒక్క మాట చదవకుండానే ముఖ్యపాత్ర వేసేస్తాడు. అందుకే అతనికి ఎవరూ బయటికి చదవని సంభాషణలు కాగితం మీద ఇవ్వండి. ఆ పాత్ర ఎందుకు అలా మాట్లాడుతోందో తెలుసుకోవాలంటే అదే కాగితంలో ముందున్న నాలుగు వాక్యాలు చదవక తప్పకుండా చూడండి. మొదటిసారి తడబడితే అది పదిమంది ముందు కాకూడదు. దీనివల్ల చదవడం అతనికి ఒక్క రాత్రిలో ఇష్టమైపోతుందని నేను చెప్పను. కానీ “నాకు ఎక్కదు” అన్న మాటకు ఎదురుగా అతని చేతిలోనే ఒక సాక్ష్యం ఉంటుంది.

తండ్రికి ఏమని చెప్పాలి? చుక్క తప్పు అని మొదటే అంటే, మొన్న ఒక మాట, నేడు ఒక మాట అని ఆయన మీమీద నమ్మకం పోగొట్టుకోవచ్చు. అసలు విషయం దాచి ఏదో సర్దిచెబితే ఆయన ఇంటి దగ్గర ఆ ముద్రనే బలపరుస్తూ ఉంటారు. నేనైతే ఇలా అంటాను: “మీ అబ్బాయికి కదులుతూ పని చేయడం ఇష్టమని ఆ ప్రశ్నావళిలో తెలిసింది, అది నిజం. చదవలేడని అందులో ఎక్కడా లేదు. మేం ఆ రెండింటినీ కలిపి చూశాం, ఇప్పుడు సరిచేసుకుంటున్నాం.” పొరపాటు ఒప్పుకోవడం కొంచెం చేదుగా ఉంటుంది గానీ, ఆయన రేపు మళ్లీ అదే ప్రశ్నతో రారు.

పాఠశాలతో వ్యవహారమే అన్నిటికంటే సున్నితమైనది, అందులో నేను ఒకే దారి చెప్పలేను. మీ ప్రధానోపాధ్యాయులు ఎలాంటివారో నాకంటే మీకు బాగా తెలుసు. ఇప్పుడు చేస్తున్నట్టే ఎనిమిది గడులూ నింపుతూ పోవచ్చు. గొడవ ఉండదు, పర్యవేక్షణకు ఎవరు వచ్చినా రికార్డు నిండుగా ఉంటుంది. మీ రాత్రులు, పిల్లల ఒత్తులు మాత్రం అలాగే ఉంటాయి. కాగితం మీద ఒకటి రాసి తరగతిలో ఇంకొకటి చేయవచ్చు, చాలామంది చేసేది అదే. దానివల్ల మీకు ఊపిరి ఆడుతుంది కానీ, మీ తరువాత వచ్చే ఉపాధ్యాయురాలికి అవే గడులు మిగులుతాయి, పైగా ఎప్పుడో ఒకరోజు తరగతికి వచ్చి చూసినవారి ముందు మీరు తల దించుకోవలసి రావచ్చు. సిబ్బంది సమావేశంలో లేచి ఇదంతా ఆధారం లేనిదని చెప్పవచ్చు. చెప్పినది నిజమే అవుతుంది. కానీ శిక్షణకు డబ్బు, సమయం పెట్టినవారు నొచ్చుకుంటారు. అంతకంటే నాకు భయం ఏమిటంటే, మీ మాట పట్టుకుని ఆ సుద్దముక్క పెద్దమనిషి నాటికలను, బొమ్మలను, బృంద పనులను కూడా తుడిచిపెట్టించవచ్చు. అప్పుడు ఆ అమ్మాయికి నిజంగానే నష్టం జరుగుతుంది.

నా మనసు మొగ్గేది ఇంకొక దారి వైపు. ప్రధానోపాధ్యాయులను విడిగా కలిసి, గడులు ఎత్తివేయమని కాక, ఒక గడి చేర్చుకోవడానికి అనుమతి అడగండి: “వారం తరువాత పిల్లలు సాయం లేకుండా ఏం రాయగలిగారు, ఏం చెప్పగలిగారు.” దానితో పాటు పాఠానికి అవసరం లేని గడులను ఒక్క నెల పాటు ఖాళీగా వదిలే వీలు అడగండి. ఆ నెలలో కొన్ని మాటలను పాత పద్ధతిలో, కొన్నింటిని అంశానికి తగిన ఒక్క పనితోనూ మర్నాడు, మూడో రోజు, వారానికి గుర్తు తెచ్చుకుని రాయించడంతోనూ నేర్పి చూడండి. రెండు జాబితాలూ ఒకే కష్టంలో ఉండేటట్టు చూసుకోండి, పరీక్ష ముందుగా చెప్పకుండా పెట్టండి. ఒక తరగతిలో ఒక నెల చేసినది శాస్త్రీయ నిరూపణ కాదు, దాన్ని అలా చెప్పుకోవద్దు కూడా. కానీ మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఏ శిక్షణ పుస్తకమో, నా జవాబో కాక, మీ పిల్లలు రాసిన కాగితాలు ఉంటాయి. ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు రోజుకు ఐదు నిమిషాలు, పుస్తకం మూసి రాయించే ఐదు నిమిషాలు, ఎవరి అనుమతీ అక్కరలేకుండా మీ చేతుల్లో ఉన్నాయి. తనను తాను తెలుసుకునే ప్రజ్ఞ అనే గడిలో వాటిని రాసుకున్నా ఎవరూ తప్పుపట్టరు!

వీటన్నిటికంటే ముందు, వీలైతే రేపే, ఆ గోడ మీది చార్టు తీసేయండి. “మా చుక్కలు ఏవి టీచర్?” అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఉపన్యాసం అక్కరలేదు. ఆ రోజు మీకు ఏది ఇష్టమో అడిగి రాసుకున్నాం, ఇష్టాలు మారుతూ ఉంటాయి కాబట్టి తీసేశాం అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోండి. ఆ అబ్బాయి మళ్లీ ఎర్ర చుక్క మాట ఎత్తితే, అతనితో వాదించకుండా, సంభాషణల కాగితం చేతికిచ్చి, నీ పాత్ర రెండో పేజీలో మొదలవుతుంది అని మాత్రం చెప్పండి.